కామాలు దిద్దే టీమ్: టెక్నికల్ రైటర్ల పని విలువ మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

నీటి శుద్ధి ప్లాంట్లలో రసాయనాన్ని కొలత ప్రకారం లైన్లోకి వదిలే డోసింగ్ పంపులు, వాటిని నడిపే కంట్రోలర్లు తయారుచేసే మధ్యస్థాయి సంస్థ ఇది. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే నడిచే సాఫ్ట్‌వేర్), సర్వీసు సాఫ్ట్‌వేర్ కూడా సొంతంగానే రాసుకుంటారు. నలుగురు టెక్నికల్ రైటర్లున్నారు. ఇన్‌స్టలేషన్ మాన్యువల్, సర్వీసు మాన్యువల్, స్క్రీన్ మీది హెల్ప్, రిలీజ్ నోట్స్ అన్నీ వాళ్ల చేతిమీదుగా పోతాయి. సంస్థను గుర్తుపట్టేలా చేసే వివరాలు, అమ్మకాల అంకెలు వదిలేశాను. పంపుకు సంబంధించిన సాంకేతిక విషయాలను మాత్రం వదల్లేదు, మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో అసలు కథ నడిచింది అక్కడే.

నలుగురిలో ఇద్దరికి పదేళ్లు దాటిన అనుభవం. ఒకరు అంతకుముందు సర్వీసు విభాగంలో పంపులు బిగించిన మనిషి. అయినా టీమ్ మొత్తం ఉన్నది మార్కెటింగ్ కింద, బ్రోచర్లు డిజైన్ చేసేవాళ్ల పక్కన. ఒక టీమ్‌ని ఎవరి కింద పెట్టారో చూస్తే, ఆ పనిని ఏమనుకుంటున్నారో సగం తెలిసిపోతుంది.

వచ్చిన సమస్య

ఇంజనీరింగ్ హెడ్ అడిగింది సూటి ప్రశ్న: "డ్రాఫ్టులు ఎలాగూ మా ఇంజనీర్లే రాస్తున్నారు. భాష సరిచేయడానికి ఏఐ వచ్చింది. ఫార్మాటింగ్‌కి, పీడీఎఫ్‌కి ఒక్కరు చాలరా?" నన్ను పిలిచింది ఈ ప్రశ్నకు జవాబు కోసమే.

దీని వెనక ఇంకో రెండు సంగతులున్నాయి. అదే ఏడాది అప్రైజల్‌లో, సమాన అనుభవమున్న టెస్టర్ల కంటే రైటర్లను ఒక గ్రేడు కింద పెట్టారు. ఆ తర్వాత సీనియర్ రైటర్లలో ఒకరు వేరే ఉద్యోగం చూసుకోవడం మొదలుపెట్టారు.

ఎవరేమనుకుంటున్నారో విడివిడిగా అడిగితే జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఇంజనీర్లకు రైటరంటే గ్రామర్ చూసే మనిషి. ప్రొడక్ట్ మేనేజర్లకు రిలీజుకు ముందు టిక్కు పెట్టాల్సిన చివరి గడి. సపోర్ట్ వాళ్లు "మాన్యువల్ ఎవడు చదువుతాడండీ" అన్నారు. అదే మనుషులు ఫోన్లో కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు రెండో స్క్రీన్ మీద తెరిచి పెట్టుకునేది ఆ మాన్యువల్నే. హెచ్ఆర్ దగ్గరున్న ఉద్యోగ వివరణలో మూడే అర్హతలు: మంచి భాష, వర్డ్ ప్రాసెసర్ మీద పట్టు, సూక్ష్మ పరిశీలన. ఆ మూడింటిని బట్టి చూస్తే వేసిన గ్రేడు సబబే. తప్పు గ్రేడులో లేదు, ఆ మూడు మాటల్లో ఉంది.

ఎంతమంది చాలన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పకూడదనుకున్నాను. తలల లెక్క అడిగేవాళ్లు ఆ పని ఏమిటన్నది ముందే తేల్చుకుని ఉంటారు. నలుగురూ కావాలంటే వకాల్తా అవుతుంది, ఇద్దరు చాలంటే ఊహ అవుతుంది. ముందు పనిని బయటపెట్టి, తర్వాత లెక్క చూద్దామని ఒప్పించాను. ఒక రిలీజు పూర్తయ్యేదాకా గడువు దొరికింది.

పని ఎక్కడ పోతోంది

మొదట రెండు వారాలపాటు నలుగురి సమయాన్ని ఐదు పద్దుల కింద రాయించాం: సమాచారం అడిగి సేకరించడం, పరికరం మీద చేసి చూడటం, వాక్యాలు రాయడం, రివ్యూ కోసం వెంటపడటం, ఫార్మాటింగ్ – పబ్లిషింగ్. అరగంట కంటే చిన్న ముక్కలు రాయొద్దని చెప్పాం. మరీ సూక్ష్మంగా రాయమంటే మూడో రోజునుంచి ఎవరైనా నోటికొచ్చిన అంకె వేస్తారు.

వాక్యాలు రాసే పనికి మూడో వంతు సమయం కూడా పట్టడం లేదని తేలింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరికీ ఇది వింత కాదు. కానీ మిగతా ఆఫీసు చూస్తున్నది ఆ మూడో వంతునే.

కారణం కళ్లముందే ఉంది. ఇంజనీరు డ్రాఫ్ట్ ఇస్తాడు, రైటర్ తిరిగి ఇస్తాడు, రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు (డిఫ్) చూస్తే మారినవి మాటలే. మధ్యలో రైటర్ అడిగిన ప్రశ్న చాట్‌లోనో కారిడార్‌లోనో జరిగిపోయింది. ఆ ప్రశ్న వల్ల ఇంజనీరు కోడ్ మార్చుకుని ఉంటే, ఆ మార్పు అతని పేరు మీద కోడ్‌లోకి వెళ్లిపోయింది. పని జరిగింది, ఆనవాలు మిగల్లేదు. పైగా రాయడం అందరికీ వచ్చినట్టే ఉండే పని. సర్క్యూట్ బోర్డు డిజైన్ చేయలేనని ఒప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు కానీ, పదకొండు మెట్ల ప్రొసీజర్ రాయలేనని ఒప్పుకునే ఇంజనీరు అరుదు.

ఫలించని ప్రయత్నాలు

మొదటిది స్లైడ్లు. టీమ్ లీడ్ ముందే ఒక ప్రజెంటేషన్ ఇచ్చి ఉన్నారు: ఆడియన్స్ అనాలిసిస్, ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్చర్, డీటా (DITA) లాంటి డాక్యుమెంటేషన్ స్టాండర్డ్లు, కంటెంట్ రీయూజ్. అందరూ మర్యాదగా విన్నారు. చివర్లో ఒకరు "ఇవన్నీ మా వాళ్లు కూడా నేర్చుకోవచ్చు కదా" అన్నారు, అక్కడితో సభ ముగిసింది. వినేవాళ్లకు ఆ నైపుణ్యం అవసరపడిన సందర్భం ఒక్కటీ ఎదురుగా లేదు. అలాంటప్పుడు వృత్తి పదాల జాబితా ఎంత పొడుగ్గా ఉంటే గొప్పలు చెప్పుకుంటున్నట్టు అంతగా వినిపిస్తుంది.

రెండోది లెక్కలు. నెలకు ఎన్ని పేజీలు, ఎన్ని టాపిక్కులు, అడిగిన ఎన్ని రోజుల్లో ఇచ్చారు. ఇది సొంత గోతిని సొంతంగా తవ్వుకోవడమే. సర్వీసు మాన్యువల్లో 14 పేజీల అధ్యాయాన్ని ఒక రైటర్ 5 పేజీలకు కుదించారు. నిజానికి ఆ నెలలో టీమ్ చేసిన అతి మంచి పని అది, లెక్కలో మాత్రం మైనస్ 9 పేజీలుగా కనిపించింది. పేజీలనే కొలమానంగా ఒప్పుకుంటే ఏఐతో పోటీకి దిగినట్టే, ఆ పోటీలో మనిషి గెలవడు.

మూడోది స్టైల్ గైడ్. 60 పేజీల గైడ్ తయారుచేసి, దానికి సరిపడని డ్రాఫ్టులను వెనక్కి పంపడం మొదలుపెట్టారు. హెడ్డింగులో పెద్దక్షరం, హైఫన్, బుల్లెట్ చివర ఫుల్‌స్టాప్. ప్రతి తిరుగు టపా ఇంజనీర్ల అభిప్రాయాన్ని ఇంకొంచెం గట్టిపరిచింది. గైడ్‌ను పూర్తిగా తీసేయలేదు. పాఠకుడి చేతి పనిని మార్చే నియమాలను రెండు పేజీల్లో ఉంచాం: ఒక వాక్యంలో ఒకే పని చెప్పాలి, షరతు పనికంటే ముందు రావాలి, హెచ్చరిక ఆ మెట్టుకు ముందే ఉండాలి. విమాన రంగంలో వాడే ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 ప్రమాణంలో ప్రొసీజర్ వాక్యానికి 20 పదాల పరిమితి ఉంది, దాన్నీ తీసుకున్నాం. మిగిలిన నియమాలన్నీ వేల్ అనే లింటర్‌లోకి, అంటే రాతను నియమాల ప్రకారం తానే సరిచూసే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాయి. హైఫన్ గురించి మెషీన్ చెబితే ఎవరికీ కోపం రాదు.

నాలుగోది, సపోర్ట్ టికెట్లు (కస్టమర్లు అడిగిన సాయం నమోదులు) తగ్గాయని చూపించడం. కొత్త సర్వీసు మాన్యువల్ వచ్చిన తర్వాతి మూడు నెలల్లో కాలిబ్రేషన్ (పంపు నిజంగా ఎంత తోస్తోందో కొలిచి కంట్రోలర్‌కు చెప్పడం) టికెట్లు తగ్గాయి. ఆ ఘనత మాన్యువల్‌దేనని టీమ్ వాదించింది. ఫైనాన్స్ హెడ్ ఒప్పుకోలేదు, ఆయన మాట న్యాయమైనదే. అదే కాలంలో ఫర్మ్‌వేర్ మారింది, పాత మోడల్ అమ్మకం ఆగిపోయింది. ఈ రెండింటి ప్రభావాన్ని వేరు చేసే దారి లేదు. డాక్యుమెంటేషన్ టీములు ఈ వాదనను తరచుగా ఎత్తుకుంటాయి, చాలాసార్లు ఇలాగే ఓడిపోతాయి. టికెట్లను మరోలా వాడితే ఉపయోగం ఉంది. 200 టికెట్లు తీసి ఒక్కొక్కదానికి "సమాధానం మాన్యువల్లో ఉంది, దొరకలేదు", "ఉంది, దొరికింది, అర్థం కాలేదు", "లేనే లేదు", "డాక్యుమెంటేషన్‌తో సంబంధం లేదు" అని గుర్తు పెట్టాం. ఎక్కడ పని చేయాలో దీనివల్ల తెలిసింది. ఎంత విలువ సృష్టించామో తేల్చడానికి ఇది పనికిరాదు, అందుకు వాడనూ లేదు.

దారి మళ్లించిన పని: ప్రశ్నలను బగ్‌లుగా నమోదు చేయడం

ఇంజనీర్లు విలువను ఎక్కడ లెక్కిస్తారన్నది ఈ దశలో పెట్టుకున్న ప్రశ్న. జవాబు బగ్ ట్రాకర్, అంటే ఉత్పత్తిలో దొరికిన లోపాలను నమోదు చేసే చోటు. టెస్టర్ల గ్రేడు నిలబడింది కూడా దానిమీదే. వాళ్లు కనిపెట్టినది పేరుతో, తేదీతో, తీవ్రతతో అక్కడ కనిపిస్తుంది.

కాబట్టి నియమం ఒకటే పెట్టాం. స్పెక్‌లోనూ (ఉత్పత్తి ఎలా పనిచేయాలో రాసిన పత్రం) స్క్రీన్ మీదా జవాబు దొరకని ప్రశ్న రైటర్‌కు వస్తే, చాట్‌లో అడగడానికి ముందే అదే ట్రాకర్‌లో టికెట్ వేయాలి. నాలుగు గడులు నింపాలి: వాడేవాడు ఏ పని మీద ఉన్నప్పుడు ఈ సందేహం వస్తుంది, ఏ సమాచారం లేదు, ఊహించి తప్పు చేస్తే ఏమవుతుంది, తేల్చాల్సింది ఎవరు. తీవ్రతను మూడో గడి ఒక్కదాన్ని బట్టే నిర్ణయించాలి. వాక్యం బాగాలేదన్న టికెట్ వేయకూడదు. ముగించేటప్పుడు నాలుగింట్లో ఒక ముద్ర తప్పనిసరి: డిజైన్ మారింది, స్క్రీన్ మీది మాట మారింది, స్పెక్ స్పష్టమైంది, మాన్యువల్ మాత్రమే మారింది.

ఒక టికెట్‌ను దగ్గరగా చూద్దాం. పంపు కాలిబ్రేషన్ కోసం ఇంజనీరు ఇచ్చిన డ్రాఫ్ట్ సారాంశం ఇది: పంపును ప్రైమ్ చేయాలి (లోపలి గాలి పోయేలా ద్రవంతో నింపాలి), కాలిబ్రేషన్ కాలమ్ (కొలత గీతలున్న గొట్టం) నింపాలి, ట్యాంకు వాల్వ్ మూయాలి, పంపును ఒక నిమిషం నడపాలి, కాలమ్‌లో ఎన్ని మిల్లీలీటర్లు తగ్గిందో కంట్రోలర్‌లో ఎక్కించాలి. వ్యాకరణపరంగా వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. రైటర్ రెండు ప్రశ్నలు వేశారు. గాలి పూర్తిగా పోయిందని టెక్నీషియన్‌కు ఎలా తెలుస్తుంది? కొలిచేటప్పుడు డిశ్చార్జ్ గొట్టం (పంపు నుంచి ద్రవం బయటికి పోయే గొట్టం) ఎక్కడ ఉండాలి?

డ్రాఫ్ట్ రాసిన ఇంజనీరుకు రెండూ చిన్నపిల్లల ప్రశ్నల్లా అనిపించాయి. గొట్టం లైన్‌కే ఉంటుంది, ఇంకెక్కడ ఉంటుంది? కానీ రసాయనం లైన్లోకి పోకూడదని భయపడే కొత్త టెక్నీషియన్ గొట్టం ఊడదీసి బకెట్లో పెడతాడు. బకెట్లో ఎదురు ఒత్తిడి ఉండదు. ఇలాంటి డయాఫ్రమ్ పంపు ఎదురు ఒత్తిడి తగ్గితే ఒక్కో స్ట్రోక్‌కు (ఒక్కో తోపుకు) ఎక్కువ ద్రవాన్ని తోస్తుంది. కాలమ్‌లో మట్టం ఎక్కువ దిగుతుంది, ఆ అంకె కంట్రోలర్‌లోకి వెళుతుంది. తర్వాత గొట్టాన్ని లైన్‌కు కలిపితే పంపు అంత ఇవ్వదు, కంట్రోలర్ మాత్రం ఇస్తోందనే నమ్ముతుంది. ఫలితం: సెట్ చేసినదానికంటే తక్కువ డోస్, అలారం లేకుండా. గాలి సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. పంపు హెడ్‌లో గాలి మిగిలితే కాలమ్ తక్కువ దిగుతుంది, కంట్రోలర్ దాన్ని సరిచేయడానికి పంపును ఎక్కువ కొట్టిస్తుంది, గాలి పోయాక ఓవర్‌డోస్ అవుతుంది.

ఈ వివరమంతా మూడో గడిలో ఉంది. టికెట్ తీవ్రత రెండో స్థాయిలో పడింది. డిజైన్ సమావేశంలో చర్చకు వచ్చాక, లైన్ ఒత్తిడి సెన్సార్ ఉన్న మోడళ్లలో ఒత్తిడి మరీ తక్కువగా ఉంటే కాలిబ్రేషన్‌ను మొదలుపెట్టనివ్వకుండా ఫర్మ్‌వేర్ మార్చారు. సెన్సార్ లేని మోడళ్లకు మాన్యువల్లో, స్క్రీన్ మీదా, కొలతకు ముందే గొట్టం గురించిన మెట్టు చేరింది. టికెట్ మీద "డిజైన్ మారింది" అన్న ముద్ర, దానికింద రైటర్ పేరు.

ఇంకొకటి ఎర్రర్ మెసేజ్. ఇ-17, "ఇన్‌వాలిడ్ స్టేట్". దీన్ని మాన్యువల్లో వివరించబోయిన రైటర్ ఏ స్టేట్ అని అడిగితే, కోడ్‌లో మూడు వేర్వేరు చోట్ల అదే నంబర్ వస్తోందని బయటపడింది. పంపు నడుస్తుండగా సెట్టింగ్ మార్చబోతే ఒకసారి, కంట్రోలర్ రిమోట్ మోడ్‌లో ఉంటే ఒకసారి, ట్యాంకు లెవెల్ సెన్సార్ వైరు ఊడితే ఒకసారి. మొదటి రెండింటిని ఆపరేటరే సరిచేసుకోవచ్చు. మూడోదానికి పంపు ఆపాలి. మూడింటికీ కలిపి ఒక పేరాగ్రాఫ్ చక్కగా రాసేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మూడు కోడ్లయ్యాయి, ప్రతి మెసేజ్‌లో ఏం జరిగింది, ఎందుకు, ఇప్పుడు ఏం చేయాలి అన్న మూడూ చేరాయి.

ఆ రిలీజు ముగిసేసరికి ఇలాంటి టికెట్లలో దాదాపు సగం మాన్యువల్ బయటే, అంటే ఉత్పత్తిలోనో స్పెక్‌లోనో మార్పుతో ముగిశాయి. ఇంజనీరింగ్ హెడ్‌ను కదిలించింది ఈ ఒక్క పట్టికే. ఆయన మొదటి స్పందన మెచ్చుకోలు కాదు. "ఇన్నాళ్లూ ఇవన్నీ ఎటు పోయాయి?" అన్నారు.

ఈ పద్ధతిలో ఇబ్బందులూ వచ్చాయి. టెస్టర్లు తమ పని లాక్కుంటున్నారనుకున్నారు. టెస్ట్ లీడ్‌తో కూర్చుని గీత గీశాం: పరికరం స్పెక్ ప్రకారం నడుస్తోందా అన్నది టెస్టర్ చూస్తాడు, దాని ముందు నిలబడ్డ మనిషికి ఏం చేయాలో తెలిసే వీలుందా అన్నది రైటర్ చూస్తాడు. రెండు వైపులా ఒకే సమస్య పడితే ముందు వేసిన టికెట్ నిలుస్తుంది. రెండో ఇబ్బంది ఉత్సాహం. మొదటి రెండు వారాల్లో ఒక రైటర్ ప్రతి చిన్న సందేహానికీ టికెట్ వేశారు. మూడో గడిలో "ఏమీ కాదు" అని రాయాల్సి వస్తే వేయొద్దన్న నియమంతో అది సర్దుకుంది.

ఏఐ డ్రాఫ్ట్, చూసే పరీక్ష

ఏఐ ప్రశ్నను మాటలతో తేల్చే ప్రయత్నం చేయలేదు. అదే కాలిబ్రేషన్ ప్రొసీజర్‌ను మూడు రూపాల్లో సిద్ధం చేశాం: ఇంజనీరు డ్రాఫ్ట్, ఆ డ్రాఫ్ట్‌నే ఏఐకి ఇచ్చి మెరుగుపరచమన్నది, రైటర్ రాసినది. సర్వీసు విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్క రూపమే ఇచ్చాం, ఎందుకంటే ఒకసారి చేసిన మనిషి రెండో కాగితం చదవడు, గుర్తున్నది చేస్తాడు. ట్యాంకులో రసాయనం బదులు నీళ్లు. డ్రాఫ్ట్ రాసిన ఇంజనీరు గదిలోనే కూర్చోవాలి, నోరు మాత్రం విప్పకూడదు. పరీక్ష అంతటిలో పాటించడానికి కష్టమైన నియమం ఇదే.

నమోదు చేసినవి మూడు రకాలు: ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు, ఎక్కడ తప్పు చేసి తప్పని తెలియకుండానే ముందుకు పోయారు. మూడోది అసలైనది. ఆగిపోయినవాడు ఫోన్ చేస్తాడు, ఇతను చేయడు.

ఏఐ రూపం చదవడానికి మూడింట్లోకీ నున్నగా ఉంది. కానీ డిశ్చార్జ్ గొట్టం గురించి డ్రాఫ్ట్‌లో ఉన్న ఖాళీని గుర్తించలేదు, పైగా దాన్ని పూడ్చేసింది: పంపు నుంచి వచ్చే ద్రవాన్ని కొలపాత్రలో పట్టి కాలమ్ రీడింగ్‌తో సరిపోల్చమని ఒక మెట్టు అదనంగా చేర్చింది. వినడానికి ఎంతో సబబుగా ఉండే మాట, చేస్తే సరిగ్గా ఆ ఎదురు ఒత్తిడి తప్పే. ఆ కాగితం అందుకున్న ఇద్దరూ గొట్టం ఊడదీశారు. మొత్తం ప్రొసీజర్‌ను తడబాటు లేకుండా పూర్తిచేశారు, వచ్చిన అంకె తప్పు. ఇంజనీరు డ్రాఫ్ట్ అందుకున్నవాళ్లలో ఒకరు ఆగి అడిగారు, ఒకరు ఊడదీశారు.

ఇంత చిన్న సంఖ్యతో ఏదీ రుజువు కాదు, ఆ మాట నివేదికలోనూ రాశాం. ఈ పరీక్ష ఉద్దేశం డ్రాఫ్ట్ రాసిన మనిషి తన డ్రాఫ్ట్ చేతుల్లో ఎలా పనిచేస్తుందో చూడటం. తెలిసిన విషయం తెలియనివాడికి ఎలా అందుతుందో ఊహించడంలో అందరం ఘోరంగా పొరబడతాం. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగంలో, పాట పేరు చెప్పకుండా దాని లయను బల్లమీద తట్టి చూపినవాళ్లు, వినేవాళ్లు సగం పాటలు గుర్తుపడతారనుకున్నారు. తట్టిన 120లో గుర్తుపట్టినవి 3. డ్రాఫ్ట్ రాసే ఇంజనీరు తట్టేవాడి స్థానంలో ఉంటాడు, అతని తలలో పాట వినబడుతూనే ఉంటుంది.

ఏఐని పక్కన పెట్టలేదు. రిలీజ్ నోట్స్ తొలి రూపం, పాత అధ్యాయాలను టాపిక్కులుగా విడగొట్టడం, పదాల ఏకరూపత చూడటం దానికి వెళ్లాయి. ఇచ్చిన డ్రాఫ్ట్‌లో లేని మెట్టును చేర్చినా తీసినా ఆ మార్పును పరికరం మీద చేసి చూడనిదే బయటికి పంపకూడదన్నది షరతు.

రివ్యూ అడిగే తీరు

పెద్దగా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చిన మార్పు బహుశా ఇదే. అంతకుముందు 80 పేజీల పీడీఎఫ్ పంపి "దయచేసి రివ్యూ చేయండి" అనేవారు. తిరిగొచ్చేవి కామాలు. ఇంజనీర్ల నిర్లక్ష్యం వల్ల అలా రాలేదు. ఏం చూడాలో చెప్పకపోతే మనిషి కంటికి ఆనేదాన్నే దిద్దుతాడు, పేజీ మీద అందరి కంటికీ ఆనేది భాషే. భాషను దిద్దమని రైటర్లే తెలియక ఆహ్వానిస్తూ, తమను భాష మనుషులుగా చూస్తున్నారని బాధపడుతున్నారు.

దాని బదులు మూడు నుంచి ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్క మనిషి పేరు. "నాలుగో మెట్టులో స్ట్రోక్ పొడవు మార్చాక మళ్లీ కాలిబ్రేట్ చేయాలని రాశాం. స్పీడ్ మారిస్తే కూడా చేయాలా? చేయకపోతే తేడా ఎంత ఉండొచ్చు?" ఇలాంటివి. కుదిరితే పరికరం ముందు ఇరవై నిమిషాలు కూర్చుని అడగాలి. జవాబులు వేగంగా వచ్చాయి. అనుకోని లాభం ఇంకొకటి: ఇలాంటి ప్రశ్న అడిగిన మనిషికి పంపు తెలుసని ఇంజనీరుకు వేరే చెప్పనక్కర్లేదు.

డిజైన్ సమావేశాల్లో రైటర్ కూర్చోవడం కూడా ఇదే సమయంలో మొదలైంది. మొదట అన్ని సమావేశాలకూ పిలిచారు, వారంలో సగం వాటికే పోయింది. తర్వాత నాలుగు సందర్భాలకు పరిమితం చేశాం: వాడేవాడు చేసే మెట్టు మారినప్పుడు, కొత్త మెసేజ్ చేరినప్పుడు, డీఫాల్ట్ విలువ మారినప్పుడు, భద్రతకు సంబంధం ఉన్నప్పుడు.

గ్రేడు

హెచ్ఆర్‌తో చర్చ ట్రాకర్ పట్టిక చేతిలోకి వచ్చాకే పెట్టుకున్నాం. ముందే వెళ్లి ఉంటే స్లైడ్ల గతే పట్టేది. ఉద్యోగ వివరణలోని మూడు మాటలు తీసేసి, ఎదుట చూసి తేల్చగలిగే పనులు రాశాం. స్పెక్‌లో లేని స్థితిని, షరతును పట్టుకోవడం. ప్రొసీజర్‌ను పరికరం మీద స్వయంగా చేసి చూపడం. ఏది వదిలేయాలో నిర్ణయించి, ఎందుకో రాసిపెట్టడం. ఒకే టాపిక్ ఐదు మోడళ్లకు సరిపోయేలా అల్లడం. హెచ్చరిక స్థాయి తేల్చడం.

చివరిది హెచ్ఆర్‌కు బాగా ఎక్కింది. హెచ్చరికల గురించిన అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ జడ్535.6 ప్రకారం డేంజర్, వార్నింగ్, కాషన్ మూడూ మనిషికి గాయమయ్యే సందర్భాలకే. ప్రాణాపాయమో తీవ్ర గాయమో తప్పదంటే డేంజర్, జరగొచ్చంటే వార్నింగ్, చిన్న గాయమైతే కాషన్. పరికరం మాత్రమే పాడయ్యే చోట నోటీస్. ఇంజనీర్ల డ్రాఫ్టుల్లో సీల్ అరిగిపోతుందన్నదానికీ, కళ్లలో యాసిడ్ పడుతుందన్నదానికీ ఒకే "వార్నింగ్" ఉంది. అన్నిటికీ అదే మాట పెడితే టెక్నీషియన్ దేన్నీ పట్టించుకోవడం మానేస్తాడు. వీటిని విడదీయాలంటే రసాయనం తెలియాలి, ప్రమాణం తెలియాలి, చదివేవాడి అలవాటు తెలియాలి. వాడకపు సమాచారం గురించిన ఐఈసీ/ఐఈఈఈ 82079-1 ప్రమాణం 2019 కూర్పు, దాన్ని తయారుచేసేవాళ్ల అర్హతల గురించి కూడా మాట్లాడుతుంది. బయటి ప్రమాణం ఒకటి చేతిలో ఉంటే, ఇది టీమ్ తన గురించి తాను చెప్పుకుంటున్న మాట కాదని చూపించడం తేలికైంది.

రుజువుగా మాన్యువళ్లు కాకుండా ఒక్కొక్కరు ఏడాదిలో మూడు నిర్ణయ పత్రాలు ఇవ్వాలని పెట్టాం. ఒక్కోటి ఒక్క పేజీ: ఏది తెలియలేదు, ఎలా తెలుసుకున్నారు, ఏది ఎంచుకున్నారు, ఏది వదిలేశారు.

ఫలితం, పాఠాలు

టీమ్ మార్కెటింగ్ నుంచి ఇంజనీరింగ్ కిందికి మారింది. నాలుగు ఉద్యోగాలూ నిలిచాయి. ఇద్దరి గ్రేడు టెస్టర్లతో సమానమైంది. మిగిలిన ఇద్దరిలో ఒకరికి పరికరం మీద పని చేసే అలవాటు ఇంకా రాలేదు, కొత్త కొలమానం అతని లోటును పాతదానికంటే స్పష్టంగా చూపించింది. విలువను బయటపెట్టే పద్ధతి విలువ లేనిచోటును కూడా బయటపెడుతుంది. ఇది మొదలుపెట్టే ముందే టీమ్‌కు చెప్పాల్సిన విషయం, ఇక్కడ చెప్పాం కూడా. వెళ్లిపోదామనుకున్న సీనియర్ రైటర్ వెళ్లిపోయారు. ఆ ఖాళీలోకి సర్వీసు విభాగం నుంచి ఒకరు అడిగి మరీ వచ్చారు.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. తప్పు డోస్ లాంటి పర్యవసానం ఉన్న ఉత్పత్తిలో మూడో గడి బరువుగా ఉంటుంది. తప్పు బటన్ నొక్కితే వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కే యాప్‌లో అంత బరువు ఉండదు, అక్కడ మొదటిసారి వాడేవాళ్లు ఎక్కడ వదిలేసి పోతున్నారన్నది పట్టుకోవాలి. ఒక్కరే రైటరున్న సంస్థలో ప్రతి ప్రశ్నకూ టికెట్ వేసే తీరిక ఉండదు, తీవ్రత ఎక్కువున్నవే వేసుకోవాలి. టీమ్‌ను తీసేయాలని పైన ముందే నిర్ణయం జరిగిపోతే వీటిలో ఏదీ ఆపలేదు.

చాలా సంస్థల్లో మొదట చేసేది టీమ్‌ను సమర్థించుకునే స్లైడ్లు, చివర్లో చేసేది రివ్యూ ప్రశ్నలు మార్చడం. ఈ క్రమం తిరగబడాలి. రివ్యూ ప్రశ్నలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపటినుంచే మార్చుకోవచ్చు. ట్రాకర్‌కు ఒక్క మేనేజర్ ఒప్పుకుంటే చాలు. చూసే పరీక్షకు ఒక గది, ఒక పంపు, నీళ్లు చాలు. గ్రేడు చర్చ వీటన్నిటి తర్వాతే.

తేలని సమస్య ఒకటి మిగిలింది. రెండో రిలీజుకు టికెట్లు తగ్గాయి, ఎందుకంటే రైటర్ డిజైన్ దశలోనే అడిగేస్తున్నారు, ఖాళీలు టికెట్ దాకా రావడం లేదు. ఫైనాన్స్ హెడ్ ఆ తగ్గుదల చూపించి, పని తగ్గిందా అని అడిగారు. ప్రస్తుతానికి డిజైన్ సమావేశం మినిట్స్‌లో రైటర్ ప్రశ్న వల్ల మారిన అంశాలకు ఒక గుర్తు పెడుతున్నారు. మినిట్స్ రాసే మనిషి మారినప్పుడల్లా ఆ గుర్తు మాయమవుతోంది. అందుకని మినిట్స్ రాసే బాధ్యతనే రైటర్లు తీసుకోవాలా అన్న చర్చ నడుస్తోంది. మిగిలిన సీనియర్ రైటర్ వద్దంటున్నారు: ఒకసారి మినిట్స్ చేతికొస్తే మళ్లీ గుమాస్తాలుగానే చూస్తారని ఆవిడ భయం.